బ్రౌజర్ మాటిమాటికీ హ్యాంగ్ అవుతోంది, కంప్యూటర్‌లో వైరస్ ఉందో లేదో చూడటం ఎలా?

చంపావతి (విజయనగరం), సోమవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. దరఖాస్తులు నింపడం, ఫీజులు కట్టడం, జిరాక్సు, కొంచెం డీటీపీ పని. కంప్యూటర్లు రెండు. అందులో అసలు పనంతా జరిగే కంప్యూటర్ మూడు వారాలుగా ఏడిపిస్తోంది.

ఈరోజు జరిగింది చెబుతాను. గంట్యాడ వైపు నుంచి ఒక అమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. కాలేజీల కోడ్లు నోటుపుస్తకంలో వరుసగా రాసుకుని తెచ్చుకుంది, మొత్తం 41. ముప్పై ఆరోది పెడుతుండగా తెర బిగుసుకుపోయింది. బాణం గుర్తు కదులుతుంది, పక్కన నీలం సున్నా తిరుగుతుంది, ఎక్కడ నొక్కినా పలకదు. నిమిషం గడిచాక తెర తెల్లబడి, మళ్లీ లాగిన్ పేజీ వచ్చింది. “పోయినట్టేనా అమ్మా?” అని ఆయన అడిగారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, పుస్తకంలో మొదటి పేజీ తిప్పి నా ముందు పెట్టింది. రెండో కంప్యూటర్‌లో మొదటి నుంచి పెట్టాం. అయింది కానీ, ఇంకొకరికి ఇలా జరగకూడదు.

కంప్యూటర్ వివరాలు: 2016లో కొన్నది, ఐ3 ఆరో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నేను చేసినవి: పాత చరిత్ర, కుకీలు తుడిచాను. బ్రౌజర్‌ను రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. ఫలితం లేదు. ఇంకో సంగతి, చిరునామా పట్టీలో ఏదైనా వెతికితే నేను ఎన్నడూ చూడని ఏదో వెతుకులాట పేజీకి వెళ్లి, అక్కడి నుంచి ఇంకో పేజీకి వెళుతోంది. కుడివైపు కింద మూలన “మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు” అని పెట్టెలు వస్తున్నాయి. ఏమి చేయాలో చెప్పండి.

రాజాం_బండి, సోమవారం రాత్రి 10:05

అక్కా, ఆలోచించకుండా ఫార్మాట్ చేసేయండి. వెతుకులాట పేజీ మారిపోతోందంటే లోపల ఏదో చేరినట్టే. ఒక్కో ముల్లూ ఏరుకుంటూ కూర్చుంటే వారం పడుతుంది, ఫార్మాట్ అయితే ఒక పూట. విండోస్ మళ్లీ వేసి, ప్రింటరు డ్రైవరు, వేలిముద్ర పరికరం సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరిపోతుంది. నేను ఇక్కడ నెలకు నాలుగైదు చేస్తుంటాను.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం), సోమవారం రాత్రి 10:40

తమ్ముడూ, కాస్త ఆగు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా సూది వేయకూడదు.

చంపావతి అమ్మా, మీరు రాసినదాంట్లో రెండు జబ్బులు కలిసి కనిపిస్తున్నాయి. పేజీ వేరే చోటికి మళ్లడం ఒకటి, తెర బిగుసుకుపోవడం మరొకటి. రెండింటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోనూ వచ్చు. దాన్ని ముందు తేల్చుకుందాం. శ్రీకాకుళంలో సూర్యమహల్ కూడలి దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఫార్మాట్ చేసి పంపిన కంప్యూటర్ పది రోజుల్లో అదే జబ్బుతో తిరిగొస్తే ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు తెలుసు.

అన్నిటికంటే ముందు, ఆ కంప్యూటర్‌లో ఈ రాత్రి నుంచి బ్యాంకు పని, చెల్లింపులు ఆపేయండి. కస్టమర్ల లాగిన్లు కూడా రెండో దాంట్లోనే.

రేపు ఉదయం ఇలా చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాన్ని ఒక పక్కన తెరిచి ఉంచి పని చేసుకోండి. బిగుసుకుపోయిన క్షణంలో సీపీయూ, మెమరీ, డిస్క్ వరుసల్లో ఏది ఎంత ఉందో కాగితం మీద రాయండి. అదే సమయంలో బ్రౌజర్ ఒక్కటే ఆగుతోందా, ఫోల్డర్లు, స్టార్ట్ మెనూ కూడా ఆగుతున్నాయా అన్నది చాలా ముఖ్యం.

మీరు వాడేది క్రోమ్ అయితే దానికి సొంత టాస్క్ మేనేజర్ కూడా ఉంది. బ్రౌజర్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఎంత తింటున్నదో అది విడివిడిగా చూపిస్తుంది. ఆ తర్వాత అజ్ఞాత కిటికీ తెరిచి, అంటే ఇన్‌కాగ్నిటో, అరగంట పని చేయండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు. అక్కడ ఏ జబ్బు పోయింది, ఏది మిగిలింది అన్నది చెబితే సగం దారి తెలిసినట్టే.

ఆ 5 వైరస్‌ల పెట్టెలను మాత్రం నొక్కకండి. చాలాసార్లు అవి వైరస్‌లు కావు. ఏదో వెబ్‌సైటు “అనుమతించు” అంటే మనం నొక్కేసిన నోటిఫికేషన్లు. సెట్టింగ్స్‌లో గోప్యత, ఆ కింద సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్లకు వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేయండి.

చంపావతి, మంగళవారం మధ్యాహ్నం 2:15

అన్నయ్యా, మీరు చెప్పినట్టే కాగితం మీద రాశాను. ఉదయం నుంచి ఆరుసార్లు ఆగింది.

నాలుగుసార్లు డిస్క్ వరుస 100 శాతం దగ్గర ఎర్రగా ఉండిపోయింది. కానీ వేగం చూస్తే సెకనుకు 1 ఎంబీ కూడా లేదు. ఆ నాలుగుసార్లూ ఫోల్డర్ కూడా తెరుచుకోలేదు. మెమరీ 80 నుంచి 87 శాతం. మిగతా రెండుసార్లు డిస్క్ మామూలుగా ఉంది, సీపీయూ 98కి వెళ్లింది. అప్పుడు బ్రౌజర్ ఒక్కటే ఆగింది. షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి చూస్తే పేరు కింద పీడీఎఫ్ అని ఏదో రాసి ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ పైన నిలబడి ఉంది. నేను అలాంటిది వేసుకోలేదు.

అజ్ఞాత కిటికీలో పేజీలు మళ్లడం పూర్తిగా ఆగిపోయింది. బిగుసుకుపోవడం ఒకసారి అక్కడా జరిగింది, డిస్క్ 100తో.

నోటిఫికేషన్ల జాబితాలో పదకొండు తెలియని పేర్లున్నాయి, అన్నీ తీసేశాను. పెట్టెలు రావడం ఆగింది. ఆ ఎక్స్‌టెన్షన్‌ను తీసేద్దామంటే తొలగించే మీట లేదు. ఆపే మీట ఉంది కానీ బూడిదరంగులో ఉండి పనిచేయడం లేదు.

బొబ్బిలి_తంత్రి, మంగళవారం మధ్యాహ్నం 3:00

మేడమ్, నేను కంప్యూటర్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. తొలగించే మీట లేదన్నారంటే దాన్ని పాలసీ ద్వారా, అంటే బ్రౌజర్‌కు పైనుంచి పెట్టే నియమం ద్వారా, బలవంతంగా ఎక్కించారు. బ్రౌజర్ మెనూలో చివర “మీ సంస్థ నిర్వహిస్తోంది” అనే అర్థంలో ఒక వాక్యం ఉందేమో చూడండి. పెద్ద కార్యాలయాల్లో వందల కంప్యూటర్లకు ఒకే నియమం పెట్టడానికి ఈ ఏర్పాటు చేశారు. మీ సొంత షాపు కంప్యూటర్‌లో ఆ వాక్యం కనిపిస్తోంది, మీరు ఏ పాలసీ పెట్టలేదు అంటే ఎవరో మీ తరఫున పెట్టారన్న మాట.

చిరునామా పట్టీలో క్రోమ్ అని, ఒక కోలన్, రెండు వాలుగీతలు, పాలసీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. అక్కడ ఫోర్స్‌లిస్ట్ అని ముగిసే వరుస ఉంటే దాని విలువలో 32 అక్షరాల పొడుగు పదం ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ గుర్తింపు అదే. మీరు చూసిన పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్ గుర్తింపుతో పోల్చండి. ఇప్పుడే ఏమీ చెరపకండి, ఫోనుతో ఫొటో తీసి ఉంచండి.

బ్రౌజర్‌ను రెండుసార్లు తీసి వేసినా ఎందుకు పోలేదో కూడా ఇందులోనే ఉంది. ఆ నియమం బ్రౌజర్‌లో ఉండదు, విండోస్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టాలో ఉంటుంది. కొత్త బ్రౌజర్ లేవగానే రిజిస్ట్రీ చదివి, ఆజ్ఞ ఉంది కదా అని ఎక్స్‌టెన్షన్‌ను మళ్లీ తెచ్చుకుంటుంది.

పలాస_జీడి, మంగళవారం సాయంత్రం 6:20

చంపావతి గారూ, ఇది ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. దారి తెలియకపోతే మళ్లీ అదే దారిన వస్తుంది.

మా అనుభవం చెబుతాను. పలాసలో జీడిపప్పు వ్యాపారుల దగ్గర లెక్కలు చూస్తుంటాను. పోయిన ఏడాది ఒక సైటులో “మీరు మనిషేనని నిరూపించండి” అని వచ్చింది. బొమ్మలు చూపించలేదు. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వి, ఆ తర్వాత ఎంటర్ అని రాసి ఉంది. పనుల ఒత్తిడిలో నొక్కేశాను. నిజానికి ఆ పేజీ ఒక ఆదేశాన్ని చడీచప్పుడు లేకుండా కాపీ చేసి పెడుతుంది. నా వేళ్లతోనే నా కంప్యూటర్‌లో దాన్ని నడిపించుకున్నాను. తెర మీద ఏమీ కనిపించలేదు. రెండో రోజుకు నా మెయిల్ నుంచి నా ప్రమేయం లేకుండా ఉత్తరాలు వెళ్లాయి.

నేను అప్పుడు చేసిన పెద్ద పొరపాటు, పాస్‌వర్డ్ మార్చి ఊరుకోవడం. ఈ రకం దొంగలు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలను కూడా ఎత్తుకెళతారు. మనం లాగిన్ అయి ఉన్నామని సైటు నమ్మేది ఆ కుకీ చూసే. అది వాళ్ల చేతిలో ఉన్నంతకాలం పాస్‌వర్డ్ గాని, ఓటీపీ గాని అడగకుండానే లోపలికి వెళ్లవచ్చు. కాబట్టి “అన్ని పరికరాల నుంచి లాగౌట్” కూడా చేయాలి. అదీ జబ్బు ఉన్న కంప్యూటర్‌లో కాదు, శుభ్రమైన ఫోనులో.

చంపావతి, మంగళవారం రాత్రి 10:30

పాలసీ పేజీలో అదే గుర్తింపు ఉంది. ఫొటో తీశాను.

పలాస_జీడి గారి మాట చదివాక కూర్చుని గుర్తు చేసుకున్నాను. సుమారు నెల క్రితం పెళ్లి శుభలేఖల పని వచ్చింది. కావలసిన తెలుగు ఫాంట్లు మా దగ్గర లేవు. తెలిసిన కుర్రవాడు పెన్‌డ్రైవ్‌లో ఒక ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తెచ్చాడు, క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా తాళం విరిచిన కాపీ. “యాంటీవైరస్ అడ్డుపడుతుంది, ఐదు నిమిషాలు ఆపండి” అన్నాడు. ఆపాను. ఆ తర్వాత దాన్ని మళ్లీ పెట్టానో లేదో కూడా గుర్తు లేదు. ఆ రోజు 300 శుభలేఖలు పూర్తి చేయాలన్నదే మనసులో ఉంది. మా దగ్గర ఆధార్ నకళ్లు, మార్కుల జాబితాలు, బ్యాంకు పాస్‌పుస్తకాల మొదటి పేజీలు ఎన్ని స్కాన్ చేసి ఉంటాయో తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

నాగావళి_ఒడ్డు, బుధవారం ఉదయం 7:10

బాధపడకండి అమ్మా, దారి దొరికింది, అది మంచిదే.

ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి, కేబుల్ ఊడదీసినా సరే. ఫోనులో పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని చోట్ల నుంచి లాగౌట్ చేయడం ఈరోజే. మెయిల్ ముందు, తర్వాత బ్యాంకు, తర్వాత మీ సెంటర్ లాగిన్లు.

ఇప్పుడు విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ రక్షణ సెట్టింగ్స్‌లో కింది భాగంలో ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది చూడండి. వీటి జోలికి పోవద్దు అని విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కు చెప్పే జాబితా అది. మీరు చెప్పిన రకం క్రాక్‌లు లోపలికి రాగానే ముందు చేసే పని ఏమిటంటే, తాము కూర్చున్న ఫోల్డర్‌ను, ఒక్కోసారి సి డ్రైవ్ మొత్తాన్ని ఆ జాబితాలో రాసేయడం. అప్పుడు మీరు ఎన్నిసార్లు స్కాన్ చేసినా “ఏ ముప్పూ లేదు” అనే వస్తుంది. ఆ జాబితా ఖాళీ చేయండి. డిఫెండర్‌ను వేరే ప్రోగ్రాములు ఆపేయకుండా చూసే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి.

తర్వాత అరగంట నెట్ పెట్టి డిఫెండర్‌ను తాజాగా చేసి, స్కాన్ రకాల్లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలై, విండోస్ లేవకముందే వెతుకుతుంది. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కోగలిగినవి అప్పుడు దాక్కోలేవు. సుమారు 15 నిమిషాలు అంటారు, పాత డిస్క్ కనుక మీకు ఎక్కువ పట్టవచ్చు. మధ్యలో ఆపకండి.

రెండో అభిప్రాయం కోసం మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉంది, ఉచితం. దించుకున్న పది రోజులకు అది పనిచేయదు, కాబట్టి పాతది దాచుకుని వాడకండి. బ్రౌజర్‌ను పట్టుకున్న ప్రకటనల చెత్తకు యాడ్‌డబ్ల్యుక్లీనర్ బాగా పనిచేస్తుంది. మన ప్రభుత్వానిదే సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉంది, ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ వారు 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. వాళ్ల సైటులో ఉచిత శుభ్రం చేసే సాధనాలు ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి నడపండి. రెండు యాంటీవైరస్‌లను మాత్రం శాశ్వతంగా వేసి ఉంచకండి. ఒకదాన్ని ఒకటి అనుమానిస్తూ అవే కంప్యూటర్‌ను బిగించేస్తాయి.

ఇవయ్యాక పాలసీ. రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దగ్గరికి వెళ్లి ముందు ఎగుమతి చేసి ఒక నకలు పెట్టుకుని, తర్వాత ఆ వరుస చెరపాలి. స్కాన్‌కు ముందు చెరిపితే ప్రయోజనం ఉండదు, లోపల ఉన్నది మళ్లీ రాసేస్తుంది. వేళకు వేళ పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో తెలియని పేరుతో గంటగంటకూ నడిచే పని ఏదైనా ఉందేమో కూడా చూడండి, తిరిగి రాసేది సాధారణంగా అదే.

బొబ్బిలి_తంత్రి, బుధవారం ఉదయం 8:25

నాగావళి గారు చెప్పినదానికి మరికొన్ని కలుపుతాను. డెస్క్‌టాప్ మీది బ్రౌజర్ గుర్తుపై కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో టార్గెట్ వరుస చివర చూడండి. ఈఎక్స్‌ఈ తర్వాత ఏదైనా వెబ్ చిరునామా తగిలించి ఉంటే చెరపండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (మన నెట్‌ను వేరే సర్వర్ గుండా తిప్పేది) మీరు పెట్టకుండా ఆన్‌లో ఉంటే ఆపండి. మీ మెయిల్ ఖాతాతో బ్రౌజర్‌కు సింక్ పెట్టి ఉంటే, ఇక్కడ తీసేసిన ఎక్స్‌టెన్షన్, పాడైన సెట్టింగ్ అక్కడి నుంచి మళ్లీ దిగవచ్చు. రెండో కంప్యూటర్‌లోనూ అదే ఖాతా ఉందా? ఉంటే దాన్నీ చూడాలి.

రౌటర్ కూడా. 2011లో ముఠా పట్టుబడిన డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ కంప్యూటర్‌లోనూ, కొన్ని రౌటర్లలోనూ డీఎన్ఎస్ చిరునామాలను, అంటే సైటు పేరుకు దారి చెప్పే సర్వర్ల చిరునామాలను మార్చేసింది. ఏ సైటు పేరు కొట్టినా దొంగల సర్వర్ చెప్పిన చోటికే వెళ్లేవారు. రౌటర్ పాస్‌వర్డ్ అడ్మిన్ అనే ఉండిపోయి ఉంటే మార్చండి.

వేలిముద్ర పరికరం తాలూకు ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్‌ను చూసి కంగారుపడకండి. అది 11100 నుంచి 11120 మధ్య పోర్టులో ఎప్పుడూ వింటూ కూర్చుంటుంది, అది దాని పని.

రాజాం_బండి, బుధవారం ఉదయం 9:00

అందరూ చెప్పింది బాగానే ఉంది. నా మాట ఇంకా అదే. క్రాక్‌ను అడ్మిన్ హక్కులతో నడిపారు, యాంటీవైరస్ ఆపి నడిపారు. స్కాన్‌లో మూడు దొరికితే నాలుగోది లేదని ఎవరు పూచీ? కస్టమర్ల ఆధార్ ఉన్న కంప్యూటర్ అది. ఇంట్లో పాటలు వినే కంప్యూటర్ అయితే నేనూ శుభ్రం చేసి వదిలేద్దాం అనేవాణ్ణి.

నాగావళి_ఒడ్డు, బుధవారం ఉదయం 9:20

నువ్వన్నది నిజం తమ్ముడూ, చివరికి విండోస్ కొత్తగా వేయాల్సిందే. నేను ఆపమన్నది ఆ డిస్క్ 100 శాతం చూడకుండా వేయవద్దని. సెకనుకు 1 ఎంబీ కూడా చదవలేక 100 శాతం చూపించే డిస్క్ మీద ఫార్మాట్ చేసి విండోస్ వేయడమంటే కూలిపోయే గోడకు సున్నం కొట్టడం. పైగా ఫైళ్లన్నీ పోతాయి.

చంపావతి, బుధవారం రాత్రి 9:15

ఎక్స్‌క్లూజన్స్‌లో సి డ్రైవ్ మొత్తం ఉంది! అన్నయ్యా, మీరు చూసినట్టే చెప్పారు. నెల రోజులుగా డిఫెండర్ పచ్చగుర్తు చూసి అంతా బాగుందనుకున్నాను.

ఆఫ్‌లైన్ స్కాన్ 40 నిమిషాలు పట్టింది. తర్వాత చరిత్రలో చూస్తే నాలుగు దొరికాయి, రెండింటి పేర్లు ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్‌లా నటించే వైరస్) అని మొదలవుతున్నాయి. సేఫ్టీ స్కానర్ ఇంకొకటి పట్టింది. షెడ్యూలర్‌లో తెలియని పేరుతో ఒక పని ఉంది, ప్రతి గంటకూ నడుస్తోంది, అది క్రాక్ వేసిన రోజు పుట్టింది. తీసేశాను. పాలసీ చెరిపాను, ఎక్స్‌టెన్షన్ పోయింది, “సంస్థ నిర్వహిస్తోంది” అన్న వాక్యం పోయింది. వెతికితే మామూలు పేజీ వస్తోంది. రెండో కంప్యూటర్ శుభ్రంగా ఉంది, అందులో వేరే ఖాతా.

కానీ ఈ సాయంత్రం కూడా మూడుసార్లు బిగుసుకుపోయింది. షట్టర్ దించాక నిశ్శబ్దంగా ఉన్నప్పుడు విన్నాను, ఆగినప్పుడల్లా డబ్బాలోంచి చిన్న శబ్దం వస్తోంది. గోటితో బల్ల మీద కొట్టినట్టు, ఒకటి, ఒకటి, ఆగి మళ్లీ ఒకటి. పగలు ఫ్యాను, జిరాక్సు మోతలో ఇది ఎప్పుడూ వినలేదు.

నాగావళి_ఒడ్డు, బుధవారం రాత్రి 9:35

ఆ శబ్దం డిస్క్‌ది. ఇప్పుడే కంప్యూటర్ ఆపేయండి అమ్మా. రేపు బయట ఒక డిస్క్ తగిలించాకే ఆన్ చేయండి.

ఆన్ చేశాక రెండే చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ ఆరోగ్యం పసుపు రంగులో ఉందా, కరెంట్ పెండింగ్ సెక్టార్ల దగ్గర సున్నా కాకుండా ఏమి ఉంది అన్నది. పెండింగ్ అంటే డిస్క్ చదవబోయి చదవలేక, తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టిన గళ్లు. విండోస్ ఆ గడిని అడిగిన ప్రతిసారీ డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది, అంతసేపూ మిగతా అందరూ వరుసలో నిలబడాలి. మీకు తెర బిగుసుకుపోయినట్టు కనిపించేది అదే. విండోస్ లోపాలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ చిట్టాలో డిస్క్ పేరుతో 7, 153 సంఖ్యలు ఉంటే ఇక సందేహం లేదు.

పాడైన గళ్లు వెతికే పద్ధతిలో చెక్‌డిస్క్ నడపమని ఎవరైనా చెబితే ఇప్పుడు వినకండి. కొన ఊపిరితో ఉన్న డిస్క్ చేత పూర్తిగా మొదటి గడి నుంచి చివరి గడి వరకు చదివించడం అది. ముందు ఫైళ్లు బయటికి తీయాలి.

తీసేటప్పుడు రోబోకాపీ వాడండి, అది విండోస్‌తోనే వస్తుంది. ఒక్క జాగ్రత్త. చదవలేని ఫైలు తగిలితే మామూలుగా అది 30 సెకన్ల చొప్పున ఆగుతూ పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. మీ మనవలు వచ్చినా అవదు. వాలుగీత ఆర్ కోలన్ 1, వాలుగీత డబ్ల్యు కోలన్ 1 అని చివర కలిపితే ఇంకొక్కసారి మాత్రం చూసి ముందుకు పోతుంది. ముఖ్యమైన ఫోల్డర్లు మొదట. ప్రోగ్రాములు, ఆ క్రాక్ ఉన్న ఫోల్డరు తీసుకోవద్దు. పత్రాలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు చాలు.

అరసవల్లి_కిరణం, గురువారం ఉదయం 6:40

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. చర్చ మొదటి నుంచి చదువుతున్నాను, చాలా నేర్చుకున్నాను. మధ్యలో ఒక సందేహం అడగవచ్చా? పోయిన నెల మా ఇంట్లో వార్తలు చదువుతుంటే తెరంతా నీలంగా మారి, పెద్ద మోతతో “మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోను చేయండి” అని వచ్చింది. భయపడి కరెంటు స్విచ్చి ఆపేశాను. అది కూడా ఇలాంటిదేనా?

పలాస_జీడి, గురువారం ఉదయం 7:30

మాస్టారూ, మీరు ఫోను చేయకపోవడం చాలా మంచిదైంది. అది వైరస్ కాదు, మొత్తం తెరను ఆక్రమించిన ఒక వెబ్ పేజీ మాత్రమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదు. ఆ నంబరుకు చేస్తే కంప్యూటర్‌ను వాళ్ల చేతికి ఇచ్చే ప్రోగ్రామ్ వేయమంటారు, తర్వాత బ్యాంకు తెరవమంటారు. ఈసారి వస్తే ఎస్కేప్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, పూర్తి తెర నుంచి బయటికి వస్తుంది. రాకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించండి. మళ్లీ తెరిచినప్పుడు “పాత పేజీలు తెరవాలా” అంటే వద్దనండి.

ఎప్పుడైనా డబ్బు పోతే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతా దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

చంపావతి, శుక్రవారం రాత్రి 8:50

పసుపు రంగే. పెండింగ్ దగ్గర 56 ఉంది. 7, 153 రెండూ ఉన్నాయి, 153 మొదట కనిపించిన తేదీ నాలుగు నెలల వెనుకటిది. అంటే క్రాక్ రాకముందు నుంచే డిస్క్ పాడవుతోంది. వైరస్ ఒక్కదాన్నే తిట్టుకున్నాను.

కాపీకి ఐదు గంటలు పట్టింది. 14 ఫైళ్లు రాలేదు. అందులో రెండు పాత శుభలేఖలు, మిగతావి ఏవో తాత్కాలిక ఫైళ్లు. కొత్తగా ఏ డిస్క్ కొనాలి? విండోస్ 11 వేయవచ్చా?

రాజాం_బండి, శుక్రవారం రాత్రి 9:10

అక్కా, 256 జీబీ ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని వేగమైన డిస్క్) చాలు, ర్యామ్ ఇంకో 4 జీబీ కలపండి. మీ ప్రాసెసర్ ఆరో తరం. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలి. దొడ్డిదారిన వేసేవాళ్లున్నారు, షాపు కంప్యూటర్‌కు నేను చేయను. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, పొడిగింపు భద్రతా నవీకరణలకు నమోదు చేసుకోండి. ఈలోగా కొత్త కంప్యూటర్‌కు డబ్బు కూడబెట్టుకోండి. మీ వేలిముద్ర పరికరానికి, డీటీపీకి విండోస్ తప్పదు కనుక లినక్స్ మాట ఎత్తడం లేదు.

విండోస్ పెన్‌డ్రైవ్‌ను రెండో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచే తయారు చేసుకోండి. విప్పి బిగించడం రాకపోతే ఆదివారం నేను విజయనగరం వస్తున్నాను, మా చెల్లెలి ఇల్లు దాసన్నపేటలో. అరగంట పని, డబ్బు వద్దు.

చంపావతి, తర్వాతి మంగళవారం రాత్రి 9:30

ఆదివారం తమ్ముడు వచ్చి బిగించి వెళ్లాడు. నాగావళి అన్నయ్య ఫోనులో పక్కనే ఉన్నారు. కంప్యూటర్ 20 సెకన్లలో లేస్తోంది. రెండు రోజులుగా ఒక్కసారీ ఆగలేదు. ఫాంట్ల సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టి కొంటున్నాను, వచ్చే వారం వస్తుంది. అందాకా యూనికోడ్ ఫాంట్లతోనే లాగిస్తున్నాను.

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు ఇక పెద్ద కంప్యూటర్‌కు తగిలించడం లేదు. నిన్న ఒక్కరోజే రెండింటిలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉన్నాయి, అసలు ఫైళ్లు దాచేసి. రెండో కంప్యూటర్‌లో స్కాన్ చేసి, వాళ్ల ఫైళ్లు బయటికి తీసి ఇచ్చాను.

గంట్యాడ అమ్మాయి నోటుపుస్తకం ఇక్కడే మరిచిపోయిందట, ఈరోజు వచ్చి తీసుకెళ్లింది. ఆప్షన్లు భద్రంగా ఉన్నాయని ఆ అమ్మాయి ముందే తెరిచి చూపించాను. 41 కోడ్లనూ వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకుంది.

పాత డిస్క్ నా బల్ల సొరుగులో ఉంది. దాన్ని ఏమి చేయాలి? పాత సామాన్లవాడు అడిగాడు, ఇవ్వలేదు.

నాగావళి_ఒడ్డు, మంగళవారం రాత్రి 9:45

ఇవ్వకండి. అందులో ఇంకా వందల మంది ఆధార్ నకళ్లు ఉన్నాయి, పాడైన డిస్క్ నుంచి కూడా చదవగలిగేవాళ్లుంటారు. కాపీలో అన్నీ వచ్చాయని నెల రోజులు చూసుకోండి. తర్వాత వెల్డింగ్ షాపులో డ్రిల్లింగ్ మిషన్‌తో మధ్యలోని పళ్లెం గుండా మూడు, నాలుగు చిల్లులు పెట్టించండి. మీరు అక్కడే నిలబడి ఉండండి.

చంపావతి, మంగళవారం రాత్రి 9:52

అలాగే అన్నయ్యా. సొరుగుకు తాళం వేశాను. వచ్చే నెల నేనే తీసుకెళతాను.